బూడిదకాళ్ల పెట్ట

దర్జీ ఆవిడ పొద్దున చొక్కాలు, మధ్యాహ్నం స్కూలు యూనిఫారాలు కుట్టేది. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పి కోళ్ల నోటుబుక్కు తీసేది. ఏడాదిగా ఆమెకు అదే పని.

బూడిదకాళ్ల పెట్టను పోయినవాళ్ల వస్తువు మీద కూర్చోబెడితే, ఇరవై ఒక్క రోజులు పొదిగి వాళ్ల గొంతును లేపుతుంది. ఆ గొంతు ఇక ఇంట్లోనే ఉంటుంది. పోయిన ఒక్కో మనిషికి ఒక్కసారే. అందుకే జాతి చూసి కొనాలి. పక్కింటి పోస్ట్‌మాన్ భార్య చవగ్గా వస్తోంది కదా అని సంకరజాతి కోడిని తెచ్చుకుంది. అది పద్దెనిమిదో రోజున లేచి గింజలేరుకోవడానికి పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో పోయిన మొగుడి దగ్గు తప్ప మాట లేదు. పాపం, దగ్గు వినపడ్డప్పుడల్లా ఆవిడ గ్లాసుడు నీళ్లు పెడుతుంది.

దర్జీ భర్త పడవ నడిపేవాడు. ఆరేళ్ల కిందట పడవ ఒక్కటే దొరికింది. మనిషి పోయాడనే అందరూ అనుకున్నారు. కళ్లు మూసేలోపు కొడుకు గొంతు ఒక్కసారి వినాలని అత్తగారి కోరిక. కోడలికి మాత్రం లేదా? మిషన్ తొక్కుతూ ఆ గొంతు గుర్తు తెచ్చుకోబోయేది. గుర్తు రాక భయపడేది.

నాలుగు సంతలు తిరిగింది. తెల్ల చెవితమ్మెలు, కాలికి ఐదో వేలు, రాసుకున్నవన్నీ సరిచూసింది. టేపుతో కాళ్లు కొలిచింది. రంగేసి అమ్ముతారని విని, తడిగుడ్డతో కాళ్లు రుద్దింది. అమ్మేవాడు ఓపిక పట్టీ పట్టీ, "చొక్కా కుడతావా అమ్మా దానికి?" అన్నాడు. రంగు దిగలేదు. కొన్నది.

గంపలో భర్త టోపీ పెట్టి పెట్టను కూర్చోబెట్టింది. అది లేచిపోయింది. మూడు రోజులు అదే వరస. నువ్వూ మోసపోయావని పోస్ట్‌మాన్ భార్య జాలిపడింది. దర్జీ నోటుబుక్కు మొదటినుంచి మళ్లీ చదివింది. ఎక్కడా తేడా లేదు. చివరికి, పోయి పదేళ్లయిన మామగారి కళ్లజోడు డబ్బా తెచ్చి పెట్టింది. పెట్ట రెక్కలు పరిచి దానిమీద సర్దుకు కూర్చుంది.

బతికున్నవాళ్ల వస్తువు మీద బూడిదకాళ్ల పెట్ట చచ్చినా కూర్చోదు. అది అత్తాకోడళ్లిద్దరికీ తెలిసిందే. ఇన్నాళ్లూ ఆ సంగతి తలచుకోవలసిన అవసరం రాలేదు.

"ఉన్నాడే. నా కొడుకు ఉన్నాడు," అంది అత్తగారు.

"ఉన్నాడత్తయ్యా. ఉండీ రాలేదు."

ఆరేళ్ల ఏడుపు ఏట్లో పిసికిన చింతపండయింది. కోడలికి కోపం వచ్చింది, దాని వెనకే సిగ్గేసింది. అత్తగారు మాత్రం ఆ రోజునుంచి తలుపు తీసిపెట్టి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం మామగారి గొంతు లేచింది. బతికున్నప్పుడు దీపాలు పెట్టే వేళకు రోజూ అడిగిన మాటే అడిగింది.

"అబ్బాయి వచ్చాడా?"

వస్తాడంది అత్తగారు. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. నెల తిరిగింది. ఒక సాయంత్రం కోడలు మిషన్ ఆపి, అత్తగారికంటే ముందే తను చెప్పింది.

"రాడు మామయ్యా."



"అయితే తలుపు వేసెయ్యమ్మా," అంది గొంతు.

గుమ్మంలో ఉన్న అత్తగారిని చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చి, కోడలు గడియ పెట్టింది.