చౌడమ్మ మగ్గానికి మిగిలిన పోగు

మగ్గం గుంటలో నీళ్ళున్నాయి, ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అత్తగారు చౌడమ్మ కూర్చుని ఉంది. పోయి పది రోజులైన మనిషి మగ్గం ఎక్కడమేమిటని సుగుణకి అనుమానమైనా రావాలి కదా, రాదు, ఆవిడ అడగబోయేది మాత్రం ముందే తెలిసిపోతుంది. గది తమ మగ్గం గదే, కానీ గోడలుండాల్సిన చోట దేవాంగుల వీధి వీధంతా నిలబడి ఉంది, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఎర్ర పోగు, ఎవరి మొహమూ సరిగ్గా ఆనదు.

"నా పోగులేవే సుగుణా?" అంటుంది చౌడమ్మ. కోపంగా అనదు. కోప్పడితే బాగుండునని సుగుణకి అనిపిస్తుంది.

ఏమని చెబుతుంది పాపం! చీర పూర్తయి కోసేశాక కూడా మగ్గం మీద దువ్వెనలాంటి అచ్చులో పాత పడుగు, అంటే నిలువు పోగుల, కొసలు వదిలేస్తారు, కొత్త పడుగుని వాటికే పోగు పోగునా మెలిపెట్టి అతుకుతారు. చౌడమ్మ వదిలివెళ్ళిన ఆ కొసలకి, ఆవిడ దగ్గర పని నేర్చినవాళ్ళంతా తలో పోగూ అతికి, ఆవిడ పేర ఒక చీర నేయాలని వీధివాళ్ళు అనుకున్నారు, ఇవాళ సాయంత్రమే వస్తామన్నారు. మైల తీరకుండా అతకడమేమిటని ఒక్కరూ అడగలేదు. ముట్టైన పిల్లనీ, మొగుడు పోయిన మనిషినీ చెయ్యి పట్టుకుని మగ్గం ఎక్కించి, "పోగుకి మైలేంటే" అన్న మనిషి ఆవిడ. ఆ కొసల్నే సుగుణ, మూడో రోజు ఇల్లు కడుగుతూ, చావింటి పోగు ఉంటే ఇంకే కీడు మూడుతుందోనని హడలిపోయి, అత్తగారి చాపతో పాటు కాలవలో కలిపేసింది. ఖాళీ అచ్చు మీద దుప్పటి కప్పి, ఏడు రోజులుగా నోరు మెదపలేదు.

"మైలని... పారేశాను అత్తయ్యా."

"ఏది మైల? నేనా?"

గుంటలో నీళ్ళు అంచు దాటి నేల మీదికి వస్తుంటాయి, చూస్తుండగానే అది గుంట కాదు కాలవ, అందులో ఎర్ర పోగులు విడివిడిగా తేలుతుంటాయి, సుగుణ వెనక్కి జరగబోతే గడప ఎంతకీ రాదు.

"పురిట్లోనే బిడ్డ పోయి, నిన్నెవరూ ముట్టుకోని రోజున పక్కన కూచోబెట్టుకుని అతుకు నేర్పిందెవరే? ఆనాడు నీకు లేని మైల నాకెక్కణ్ణుంచి వచ్చింది?"

"భయమేసింది అత్తయ్యా."

"నాకూ భయంగానే ఉందే," అంటుంది చౌడమ్మ. బతికుండగా ఆవిడ నోట ఆ మాట సుగుణ ఎన్నడూ వినలేదు. "ఇక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. పట్టుకుందామంటే చేతికి పోగన్నా లేదు."

అంటూనే చల్లటి చెయ్యి వచ్చి సుగుణ జడ పట్టుకుంటుంది, గుంటలోకి లాగుతుంది, నీళ్ళు మోకాళ్ళు దాటి నడుము దాకా వస్తాయి, వీధంతా పోగులు పట్టుకుని చూస్తూనే ఉంటుంది. "ఇదుందిగా," అంటుంది చౌడమ్మ, చెవి దగ్గరే.

సుగుణ కెవ్వున లేచింది. మగ్గం గదిలోనే, గోడకి ఆనుకుని కునుకు తీసింది. కిటికీలోంచి ఎండ ఇంకా పడుతోంది. తల వెనక ఎవరో పట్టి లాగినట్టే నొప్పి. తడుముకుంది. మైల రోజుల్లో దువ్వుకోకూడదని మూడో రోజు కట్టిన జుట్టు కట్టినట్టే ఉంది. ఆ రోజు పనికి అడ్డొస్తోందని చేతికందినదేదో చుట్టేసింది, మర్చేపోయింది. విప్పి చూస్తే జానెడు ఎర్ర పోగు, అచ్చులోంచి తీసిన కొసల్లోదే.

"సుగుణా, అందరం వచ్చాం, తలుపు తియ్యి," అని వీధిలోంచి పక్కింటి నాగభూషణం వదిన పిలిచింది.

సుగుణ దుప్పటి లాగేసి వెళ్ళి తలుపు తీసింది. "ఇదొక్కటే మిగిలింది వదినా. మిగతావి నేనే పారేశాను, మైలని."

నాగభూషణం వదిన బోసి అచ్చు వంకా, సుగుణ చేతిలో పోగు వంకా చూసింది. వెనక ఉన్నవాళ్ళూ తొంగిచూశారు.

"సరే, ముందు దాన్ని ఎక్కించు," అంది వదిన.

సుగుణకి రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి పోగు అచ్చులోకి దూరింది.