పద్దెనిమిది శాలువాలు

మా ఈరమ్మ పోయి అప్పటికి ఏడాదైంది. రెండున్నరేళ్ల పిల్ల, మూడు రోజుల జ్వరం. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మగ్గంలో కూర్చుంటే నాడె ఆడుతుంది, బట్ట వస్తుంది, అంతే.

మా వెనకింటి కృపానందం సారు పిల్లలకు మాటలు ఎలా వస్తాయో పరిశోధించే మనిషి. అదేం పరిశోధనో! ఈరమ్మ నోరు విప్పిన రోజు నుంచి ప్రతి మాటా నోటుబుక్కులో రాసుకున్నారు. మా ఆలుమగలిద్దరికీ చదువు రాదు. పిల్ల ఏమేం మాట్లాడేదో గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ సరిగ్గా రాదు. సారు ఇంటికొచ్చి చదవబోతే నా పెండ్లాం హనుమమ్మ రెండు చెవులూ మూసుకునేది. చివరికి ఒకరోజు తనే అంది.

"నలుగుర్లో అయితే ఇంటా సారూ. ఈ ఇంట్లో నా సేత కాదు."

ఏటా ఆదోనిలో భాషాభివృద్ధి పరిశోధకుల సభ జరుగుతుంది. అక్కడ చదువుతానన్నారు సారు. తీరా ఆ ఏడు, యాభై ఆరులో, సభకే గతి లేకుండా పోయింది.

"పత్తి సేట్లు ఖర్చంతా ఇస్తామంటాండారు, ఉరుకుందన్నా," అన్నారు సారు. "అయితే సభలో ఒక్కొక్కరికీ శాలువా కప్పల్లంట. పద్దెనిమిది మంది. అవి కొనే దారి మాకు లేదు. అవి లేకుంటే సభ లేదు."

"నేను నేస్తా పో సారూ. మా పాప మాటలు మాత్రం సదవల్ల."

ఇంట్లో ఉన్న నూలంతా దానికే పెట్టాను. నెల పట్టింది. హనుమమ్మ కండెలు చుట్టింది.

సభ రోజు పొద్దున్నే ఎమ్మిగనూరులో బస్సెక్కి పోయాం. వెనక బెంచీ మీద కూర్చున్నాం. ఒక్కో సేటునూ పిలిచారు, శాలువా కప్పారు, ఆయన గొప్పలు ఇంకొకాయన చెప్పాడు, ఆపైన సేటే లేచి మాట్లాడాడు. ఒకాయనైతే భాష సంగతి వదిలేసి తన జిన్నింగు మిల్లు పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నాడు. నా శాలువా కప్పుకుని నన్నే చంపుతున్నాడే వీడు, అనుకున్నాను. ఆ కోపమైనా పూర్తిగా రాలేదు. పన్నెండో శాలువాకు భోజనాల వేళ దాటింది. పద్దెనిమిదోది కప్పేసరికి బయట ఎండ చల్లబడింది.

అప్పుడు అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. "సమయాభావం వల్ల కృపానందం గారి పత్రం చదివినట్టుగా భావించడమైనది," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులూ కొట్టాయి. వేదిక పక్కన సారు నోటుబుక్కు పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నారు.

హనుమమ్మ నా భుజం తట్టింది.

"ఏమప్పా, అయిపాయనా? పాప మాటలు సదివినారా?"

అధ్యక్షుడి పెద్ద మాటలు ఆమెకు అర్థం కాలేదు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"సదివినారు," అన్నాను.

ఆమె ముఖం తెల్లబోయింది. వేదిక వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది.

"నాకొక్కటీ ఇనపల్యా," అంది. "నేను సెవులు మూసుకోల్యాదప్పా."