పోలీసు పేజీలో డ్రమ్మర్

వెల్మా పెటిఫోర్డ్ పాత పత్రికల్ని తెరమీద చూపించే మూడో యంత్రానికి ఫిల్మ్ రీలు తొడిగి పిడి తిప్పింది. పేజీ తలకిందులుగా వచ్చింది. నిన్న రీలు తిరగేసి చుట్టింది నెలరోజులుగా వస్తున్న ఆ పెద్దాయనే. ఇంకెవరు చుడతారు? ఆమె పళ్లు కొరికి, తీసి మళ్లీ చుట్టింది. డెట్రాయిట్ గ్రంథాలయంలోని ఈ పాత పత్రికల గదిలో ఆమెకిది ముప్పై ఒకటో ఏడు. మణికట్లు వాచిపోయాయి. ఆమె వెతికిపెట్టిన పేజీలతో ఎందరో పుస్తకాలు రాసుకున్నారు.

ఓథా గ్రైమ్స్ వచ్చి కూర్చున్నాడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, మెడదాకా బొత్తాలు. ఒకప్పుడు అతను డ్రమ్స్ వాయించిన మేరిగోల్డ్ క్లబ్బు చోట ఇప్పుడు పెద్ద రోడ్డు పోతోంది. అక్కడ పెట్టే ఫలకం మీద వాద్యకారుల పేర్లు చెక్కుతున్నారు. పాత పత్రికలో అచ్చయిన పేరైతేనే చెక్కుతారు. సాయంత్రం అయిదుకి గడువు.

"మన నల్లవాళ్ల వారపత్రికలో ఉంటుందమ్మాయ్. ప్రతి శనివారం మా గురించి రాసేవాళ్లు."

"రాశారు పెద్దయ్యా. 'బ్యాండు నాయకుడు, అతని కుర్రాళ్లు' అని రాశారు. నెలరోజులుగా అదే చూస్తున్నాం."

"ఆ కుర్రాళ్లలో నేనొకణ్ని!"

"ఆ ముక్క ఫలకం కమిటీవాళ్లకి చెప్పండి, నాకెందుకు?"

సరుకు లేని కొట్లో ఎంత బేరమాడితే ఏం లాభం? తెల్లవాళ్ల దినపత్రిక నల్లవాళ్ల క్లబ్బు గడప తొక్కేది పోలీసుల వెనకాలే. కానీ ఆ పత్రికవాళ్లు పట్టుబడ్డవాళ్ల పేరు, వయసు, వృత్తి పొల్లుపోకుండా రాస్తారు.

"దినపత్రికలో పోలీసు పేజీ చూద్దామా పెద్దయ్యా?"

"నలభై ఏళ్లు చర్చిలో సంఘపెద్దనమ్మా. దొంగల వరసలో నిలబెడతావా నన్ను?"

"ఎప్పుడైనా పట్టుకెళ్లారా, లేదా?"

అతను కిటికీవైపు చూశాడు. "వెతుక్కో. దొరికితే మాత్రం నన్నడక్కుండా ఎవరికీ ఇవ్వకు." విసురుగా లేచి భోజనానికి ఇంటికి వెళ్లిపోయాడు.

మూడున్నరకి దొరికింది. 1949 మార్చి. వేళ మించాక మద్యం అమ్ముతున్నారని దాడి చేసి, పదకొండుమందిని పట్టుకెళ్లారు. ఏడో పేరు: ఓథా గ్రైమ్స్, 22, డ్రమ్మర్.

నాలుగుంబావు దాకా చూసి, ఆయన రాకపోయేసరికి వెల్మా చిరాగ్గా ఫోను చేసింది. మనవరాలు లొరేన్ ఎత్తింది.

"తాతయ్య భోంచేసి కుర్చీలో వాలాడండీ. లేపితే లేవలేదు. ప్రాణం పోయింది. ఇప్పుడే తీసుకెళ్లారు."

వెల్మా పేజీ దొరికిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన పెట్టిన షరతు కూడా దాచలేదు.

"తాతయ్యని అరెస్టు చేశారా?"

"ఒక్క రాత్రి ఉంచి వదిలేశారు."

"డ్రమ్మర్ అని రాశారా?"

"రాశారమ్మా."

"మా ఇంట్లో ఎవరమూ నమ్మలేదండీ, ఆయన వాయించేవాడంటే." లొరేన్ ముక్కు చీదింది. "ఇచ్చెయ్యండి."

అయిదుకి పది నిమిషాలుందనగా వెల్మా ఆ పేజీ నకలు కమిటీకి పంపింది. పంపాక ఆ మొండి మనిషిని ఇంకా తిట్టుకుంటూనే యంత్రాలు ఆపుతూ వచ్చింది. మూడో యంత్రం పక్కన ఆయన వదిలేసి వెళ్లిన రెండు పెన్సిళ్లున్నాయి. చెక్కిన మొనలు చెక్కినట్టే ఉన్నాయి. వెనక కొసలు మాత్రం బల్లమీద కొట్టీ కొట్టీ చితికిపోయాయి.