తొమ్మిది ముద్దల సేపు

వంటగదిలో ముల్లంగి తరుగుతుంటే నాన్న గుమ్మం దగ్గరికొచ్చి, "తొందరగా కానీ యున్‌జూ, లంచ్ బేరం మొదలైపోతుంది" అన్నారు. ఆ రోజు అమ్మ మొదటి తద్దినం. హోటల్ మూసేద్దామని నేనంటే, "మీ అమ్మే ఒప్పుకోదు" అని తేల్చేశారు. వెనక గదిలో అమ్మకి, ముందు హాల్లో జనానికి, రెండు వడ్డనలూ ఒకేసారి.

కొరియాలోని మోక్‌పో నుంచి కొత్త పెళ్ళికూతురిగా లాస్ ఏంజెలెస్ వచ్చి, బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టి, ఆ వేళ్ళతోనే ఈ హోటల్ పెట్టింది అమ్మ. ఎద్దు ఎముకల సూప్ మాకు పేరు తెచ్చింది. పెద్ద గుండిగ పక్కన నిలబడి నురగ తీస్తూ, వాసన బట్టి నీళ్ళు పోసేది. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళతో "ఆవిడ చేసేదేముందండీ, ఉడికించేది పొయ్యే కదా" అని నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. భయం మాత్రం కాదు. వడ్డించే పిల్ల చెయ్యి పట్టుకున్న ఒక తాగుబోతు ముందు పొగలు కక్కే గరిటె ఎత్తి, "ఇది ఎంత బరువుందో చూస్తావా బాబూ?" అంటే వాడు చెప్పులు మర్చిపోయి పారిపోయాడు. ఉద్యోగం పోయినవాళ్ళ గిన్నెలో ఒక మాంసం ముక్క ఎక్కువ వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేది.

అంతటి మనిషి కూర్చుని తినగా నేను చూడలేదు. ఫ్రిజ్ వెనక నిలబడి, సూప్‌లో అన్నం వేసుకుని రెండు చెంచాలు తినేసరికి హాల్లోంచి "పిన్నీ! ఇంకాస్త కిమ్చీ!" అని కేక. మా హోటళ్ళలో వడ్డించే ఆడమనిషి ఎవరైనా అందరికీ పిన్నే. తిరిగొచ్చేసరికి అన్నం ఉబ్బి చల్లారిపోయేది. "మంచిదేలే, ఉబ్బితే కొంచెంతోనే కడుపు నిండుతుంది" అనేది.

వెనక గదిలో అమ్మ పటం ముందు తమ్ముడు క్వాంగ్‌హో మద్యం పోసి సాష్టాంగపడ్డాడు. "ఆడపిల్లవి, నువ్వు వెనకుండు" అన్నారు నాన్న. అక్కడ పెట్టినవన్నీ నేనే వండాను. వెనకే ఉన్నాను. తమ్ముడు అమ్మ అన్నం గిన్నెలో చెంచా నిలబెట్టాడు. అందరం బయటికొచ్చి తలుపు వేశాం. లోపల పోయినవాళ్ళు తొమ్మిది ముద్దలు ప్రశాంతంగా తినేంతసేపు తలుపు తియ్యకూడదు. ఆ తరవాత కొడుకు మూడుసార్లు దగ్గి, తలుపు తియ్యాలి.

పోయినవాళ్ళు వచ్చి తింటారని నేను మనసారా నమ్ముతాను. వస్తే అమ్మ కూర్చుంటుందా అన్నదే నా సందేహం.

"పిన్నీ!" హాల్లోంచి కేక. ఇప్పుడా పిలుపు నాది. "ఇక్కడ సూప్ ఏదీ?"

నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. తలుపు అవతల కూడా ఎవరో సగం చెంచా వదిలేసి లేచినట్టనిపించింది. ఆగిపోయాను.

"వెళ్ళవే, పిలుస్తున్నారు" అన్నారు నాన్న.

"మీరు వెళ్ళండి నాన్నా."

"నేనా? నాకేం తెలుసు?"

"ఉడికించేది పొయ్యే కదా. మీరు గిన్నెలో పొయ్యడమే."

నాన్న నన్ను చూశారు, తలుపును చూశారు. హాల్లో మళ్ళీ కేక. "వస్తున్నా, వస్తున్నా" అంటూ చొక్కా చేతులు మడుచుకున్నారు. వంటగదిలో ఏదో మూత కిందపడింది. "అమ్మో, కాలింది!" అన్నారు.

"అక్కా, చాలాసేపైంది" అన్నాడు క్వాంగ్‌హో, గొంతు సవరించుకుంటూ.

నేను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"దగ్గకురా" అన్నాను. "అమ్మ ఇంకా తింటోంది."