గుంత పూడ్చినవాడు

మా నాన్న దేవదానానికి జైలు పడింది లంకెబిందె తవ్వినందుకు కాదు, ఎవరో తవ్విన గుంతను పూడ్చినందుకు. ఈ మాట చెబితే నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నవ్వుకోనివ్వండి. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

కర్దనూర్ శివారులో మూడెకరాల నల్లరేగడి. తాత కాలం నుంచి దున్నుతున్నది మేమే, పట్టా మాత్రం సూర్యప్రకాశరావు దొర పేరు మీద ఉండేది. చట్టం ప్రకారం కౌలుదారుగా మాకు దక్కాల్సిన భూమి అది. మా పేరు రాయించమని నాన్న అడిగినప్పుడల్లా దొర "సూద్దాం తియ్‌రా" అని పంపేసేవాడు. ఊరంతా దాన్ని దొర చేను అనేది. సిగ్గులేకుండా మేమూ అలాగే అనేవాళ్లం.

డెబ్బయ్యో సంవత్సరం, తెల్లజొన్న విత్తే ముందు, కొన్నాళ్లు చేను దిక్కు రావద్దని దొర తన పాలేరుతో కబురు పంపాడు. మేం మళ్లీ వెళ్లేసరికి చేను నడుమ నిలువు లోతు గుంత. గట్టు మీద పసుపు, కుంకుమ, తల తెగిన నల్లకోడి, పగిలిన కుండ పెంకులు. కుండలో ఏముందో తవ్వినవాళ్లకే తెలియాలి.

"మనల్ని ఒక్క మాట అడగొద్దా?" అని నేను అరిచాను.

నాన్న కోడిని దూరంగా పాతిపెట్టి, పార తీసుకుని గుంత పూడ్చి, విత్తనానికి నాగలి కట్టాడు.

జొన్న మోకాలెత్తు పెరిగాక, పటాన్‌చెరు బజారులో పాత వెండి నాణేలు అమ్మబోయి ఇద్దరు దొరికిపోయారు. "భూమి ఆసామి ఒప్పుకుంటెనే తవ్వినం" అని మా చేను చూపించారు గానీ, ఆ ఆసామి పేరు ఎంత అడిగినా చెప్పలేదు. భూమిలో దొరికిన నిధిని సర్కారుకు చెప్పకుండా దాస్తే తవ్వినవాళ్లకే కాదు, తెలిసి ఊరుకున్న యజమానికి కూడా జైలే. తహసీల్దారు త్రినాథరావు విచారణకు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. ముందు దొరను పిలిపించాడు. ఆ భూమితో తనకు సంబంధం లేదనీ, ఏళ్లుగా అనుభవిస్తున్న దేవదానానిదేననీ దొర చల్లగా రాసి సంతకం పెట్టాడు.

ఇన్నేళ్లు కాళ్లావేళ్లా పడ్డా రాయని మాట!

మర్నాడు నాన్న వంతు. అమ్మ దయావతి ఆయన చెయ్యి పట్టుకుంది. "దొరదే అని జెప్పు. ఊరంత ఎరుకే గద. ఇంటికొస్తవ్" అని బతిమాలింది. నేనూ అదే అన్నాను. దొరను పోలీసులు జీపెక్కిస్తుంటే కళ్లారా చూడాలని నా కోరిక. అందుకోసం ఆ మూడెకరాలు పోయినా పోనీ అనుకున్నాను.

"గట్ల జెప్తే దొర పోతడు బిడ్డా" అన్నాడు నాన్న. "భూమి గూడ దొరెంబడే పోతది."

చావడిలో నాన్న ప్రమాణం చేశాడు. తహసీల్దారు అడిగాడు: "గుంత పూడ్చిందెవరు?"

"నేనే సార్."

"పట్టా దొర పేరు మీదే ఉంది కదా, ఆ భూమిలో గుంత ఉంటే నీకెందుకయ్యా?"

"ఇత్తనం అదను పోతది గద సార్. నా చేన్ల గుంతుంటే నేను గాక ఎవలు పూడుస్తరు?"

"అంటే భూమి నీదేనా?"

నాన్న ఒక్కసారి మా వైపు చూశాడు. "నాదే."

"తవ్వడానికి నువ్వు ఒప్పుకున్నావా?"

"నన్నెవలు అడగలే. దొర రావద్దన్నడు, రాలే. తవ్విన్రని ఎరుకైనంక గూడ మీకొచ్చి చెప్పలే. గది నిజం."

దొర పాలేరును పిలిచి అడిగితే, తాను ఏ కబురూ తీసుకెళ్లలేదన్నాడు. త్రినాథరావు కలం పక్కన పెట్టాడు. "ఇది రాసుకుంటే నిన్ను కోర్టుకు పంపక తప్పదు. ఆలోచించుకో దేవదానం" అన్నాడు.

"రాసుకోండ్రి సార్."

మూడు నెలల శిక్ష వేశారు. నాన్న సంగారెడ్డి జైలులో ఉంటే అమ్మా నేనూ జొన్న కోశాం. జీపు ఎక్కింది దొర కాదు, మా నాన్న. ఆ కోపంతో నేను ఆయన్ను చూడడానికి కూడా వెళ్లలేదు. కానీ ఆ విచారణలో దొర రాసిచ్చింది, నాన్న చెప్పింది కలిసి పట్టాను మా పేరుకు మార్చాయి. నాన్న ఆ కాగితాన్ని బైబిలులో పెట్టుకున్నాడు. అప్పుడు గానీ నాకు ఆయన అర్థం కాలేదు.

రెండు పంటలు తీశాం. అంతలో ఫ్యాక్టరీకి భూములు కావాలని సర్కారు నోటీసులిచ్చింది. వచ్చిన అధికారి చావడిలో పట్టాదారుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు. అది వట్టి తంతని అందరికీ తెలుసు. ఎన్నో ఎకరాలు పోతున్న దొర కూడా నోరు విప్పలేదు.

నాన్న లేచి నిలబడ్డాడు. "నాకున్నది."

"ఏమిటి?"

"భూమి నాది. నేనియ్య."

"నువ్వొక్కడివి ఇవ్వనంటే ఫ్యాక్టరీ ఆగుతుందా?"

"ఆగదని ఎరుకే సార్. మీరు అడిగిన్రు, నేను జెప్పిన. రాసుకోండ్రి."

రాసుకున్నారు. ఫ్యాక్టరీ ఆగలేదు, ఎండాకాలం వచ్చేసరికి మా చేను చుట్టూ గోడ లేచింది. అయితే ఆ రోజు చావడి నుంచి ఇంటికి వస్తూ నాన్న దారి పొడవునా ఏడ్చాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను. పోలీసులు తీసుకెళ్లిన రోజు కూడా ఆయన కంట నీళ్లు రాలేదు.