మిర్యాలగూడ రేసు

"తొక్కేది నీ మొగడు, నీకెందుకే గంత సంబురం?" అన్నది మా అత్త వెంకటనర్సమ్మ. రొట్టె కొట్టుడు ఆపి నేను రోడ్డు దిక్కు చెవి పెట్టిన మరి. ఏం చెప్పాలె ఆమెకు? కామునిపున్నమ దాటిందంటె నాకు కాలు నిలువది. మా పేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి మిర్యాలగూడకు, మిర్యాలగూడ నుంచి మళ్ళ పేటకు, ఉగాది లోపట మూడు సైకిలు రేసులు. రజాకార్ల లొల్లిల రెండేండ్లు బందై, మిలిట్రీ వొచ్చినంక ఈ ఏడే మళ్ళ పెట్టిన్రు. పాలకీడు దిక్కు తండా మనిషి ఫూల్‌సింగ్‌ను కోదాడ దుకాణపాయన జీతమిచ్చి తొక్కిస్తడు. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు ఇడిచి, నిలబడి తొక్కుతడట. మా ఆయన సైదయ్యకు కాళ్ళల్ల బలమున్నది గని ఎదురుగాలికి ఆగమైతడు. ఇవన్ని నేను చూసినవి గావు, తడక ఎనుక నిలబడి మగోళ్ళ మాటలు ఇన్నవి. ఆఖరి రేసుకు గెలుపు తాడు మా కిరాయి సైకిళ్ళ దుకాణం ముంగటనే కడతరు. పెండ్లయి ఐదేండ్లాయె, ఆ తాడు దాటంగ ఒక్కన్ని గూడ చూడలే. గడప దాటితె "మగోళ్ళ గుంపుల నీకేం పని" అంటరు.

పని మాత్రం నాది. దుకాణంల పంచర్లన్ని ఇంటెనుక నేనే ఏస్త. ట్యూబు నీళ్ళల్ల ముంచి, బుడగ లేసిన కాడ గీకి, అతికి, ఆరబెట్టి ఇస్త. "సైదయ్య ఏసిన పంచరు ఊడది" అని పేటంత అంటరు. ఆయన మీసం దువ్వుకుంటడు. మొదటి రేసు ఫూల్‌సింగ్ గెలిచిండు, రెండోది మా ఆయన. మూడోది ఎవరు గెలిస్తె వాళ్ళకు కొత్త సైకిలు. "ఈసారన్న నన్ను తాడు కాడ నిలబడనియ్యి" అని అడిగిన. "మంచి ట్యూబులు చేసియ్యి, జూద్దాం" అన్నడు. గా మాట పట్టుకొని రెండు ట్యూబులు నాలుగు దినాలు పసిపిల్లల లెక్క చూసుకున్న.

రేసు రేపనంగ పొద్దున నేను బయటుండి, పాకల కూసున్న. అత్త దూరం జరిగి "ఇయ్యాల ఆ ట్యూబులు ముట్టినవా?" అన్నది. ముట్టిన అని చెప్పిన. అబద్ధమాడాలని తోచలే, నా బుద్ధి తక్కువ. తల్లి కొడుకులు ఇద్దరు గల్సి నా ట్యూబులు రెండు పీకి అవతల పడేసిన్రు. సైకిలును పసుపునీళ్ళతోని కడిగి, నిమ్మకాయ కట్టి, అటక మీది పాతవి ఎక్కిచ్చిన్రు. నేను పాకల నుంచే చెప్పిన: "ముందు చక్రానిది వొద్దు, గాలి కొట్టే వాలు కాడ నెర్రె ఉన్నది. ఎండెక్కితె ఇడుస్తది."

"బయట కూసున్నదానివి, సప్పుడు జెయ్యక కూసో" అన్నడు మా ఆయన. లారీ మీద సైకిలు ఏసుకొని మిర్యాలగూడకు పోయిండు.

మా ఇంట్ల బయటున్నదాన్ని కూసోబెట్టే పాక రోడ్డు మీదికే ఉంటది. ఆ సంగతి ఎవరికీ యాదికి రాలే. తెల్లారి ఎండ ముదిరినంక దుమ్ము లేసింది, కేకలు లేసినయ్. నేను లేసి నిలబడ్డ. ఫూల్‌సింగ్ ఒక్కడే వొచ్చిండు. అంగీ చెమటకు పెయ్యికి అతుక్కున్నది, నోరు తెరుసుకొని గాలి గుంజుతున్నడు, సీటు ఇడిచి నిలబడి తొక్కుతున్నడు. తాడు ఆయన రొమ్ముకు తాకి తెగింది. నా నోట్లె నుంచి కేక వొచ్చింది. గెలిచింది మావోడు గాదని ఎరుకే, అయినా సంబురమాగలే. అంత సంబురం నా పెండ్లిల గూడ లేకుండె.

చానసేపటికి మా ఆయన సైకిలు నడిపిచ్చుకుంట వొచ్చిండు. ముందు చక్రం సప్పబడి ఉన్నది. అందరి ముంగట "అంటుది ముట్టింది, అందుకే గాలి పోయింది" అన్నడు. చెయ్యి తగిలితె మైల అని తుమ్మకట్టె తీసుకొని నా వీపు మీద ఏసిండు. "నేను ముట్టినవి నువ్వు పడేసినవ్. నువ్వు ఎక్కిచ్చినది నేను ముట్టనే లేదు" అన్న. ఇంకో రెండు పడ్డయి. ఫూల్‌సింగ్ తల తిప్పుకున్నడు.

నాలుగో నాడు అత్త పాక కాడికొచ్చి దూరం నిలబడ్డది. "నీళ్ళు కాగినయ్, తలకు పోసుకో ఆండాలు. కిరాయి సైకిళ్ళు పది పంచరై పడున్నయి. వాడు అతికినవి అతికినట్టే ఊడుతున్నయి" అన్నది. గొంతుల ఎన్నడు లేని మెత్తదనం. వీపు మీది వాతలు ఇంకా పచ్చిగనే ఉన్నయి. నాకు నిన్న మాపటికే ఆగిపోయింది. చాప మీద కాళ్ళు సాపుకొని రోడ్డు దిక్కు తిరిగిన.

"ఇంకా ఆగలేదత్తా" అన్న. "ముట్టుకొమ్మంటె ముట్టుకుంట."