ఆపలేదు, ఆపలేకపోయింది

అన్యాయం జరిగింది ఎవరికి? బడిపిల్లల యూనిఫారాలు కుట్టి ఇల్లు నడిపిన ఒక దర్జీ మనిషికి. ఎలా జరిగింది? ఒక్క క్రియాపదంతో. చేసిందెవరు? ఎమ్మారై గదిలో ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియను.

పదకొండేళ్ళ కిందట, గుండెజబ్బుల మీద జరిగిన ఒక పరిశోధనకు ఆ దర్జీ తనంత తానుగా వచ్చింది. సొరంగంలాంటి యంత్రంలో ఆమెను పడుకోబెట్టి, అద్దానికి ఇవతలినుంచి టెక్నీషియను మైకులో చెప్పింది: "ఊపిరి వదలండి. ఆపండి." పదిహేను సెకన్లు ఆపితేనే గుండె బొమ్మ చెదరకుండా వస్తుంది. ఆమె అయిదు సెకన్లకే ఎగపోసింది. పన్నెండుసార్లు చెప్పినా అంతే. బయట కూర్చున్న మొగుడు, "ఇంట్లో నా మాటే వినదు మేడమ్, మీ మిషను మాట వింటుందా?" అన్నాడు. టెక్నీషియను నవ్వింది. నవ్వుతూనే ఫారం మీద రాసింది: "చెప్పినా ఊపిరి ఆపలేదు."

ఆ వాక్యం చూసి ఆమెను జాబితాలోంచి తీసేశారు. చెదిరిన బొమ్మలను ఎవరూ తెరవలేదు. ఎనిమిది నెలలకు ఆమె కుట్టుమిషను మీదే ఒరిగిపోయింది.

ఆ చావు కబురు టెక్నీషియనుకు ఇన్నాళ్ళూ చేరలేదు. ఈ ఉదయం స్కానుకు వచ్చిన దర్జీ కూతురు తెచ్చింది, పాత ఫైలు చంకన పెట్టుకుని, ఆయాసపడుతూ.

"అమ్మ కాగితాలు కూడా తెమ్మన్నారు డాక్టరుగారు. ముందే చెప్తున్నా మేడమ్, నేను ఎక్కువసేపు ఊపిరి పట్టలేను. మా అమ్మలాగా మొండిదాన్నని రాయకండి."

"మొండిదని ఎవరన్నారు?"

"మీ ఆస్పత్రివాళ్ళే రాశారుగా. ఆ మొండితనమే దాన్ని మింగిందని నాన్న ఇప్పటికీ అంటాడు."

టెక్నీషియను ఫైలు తెరిచింది. చేతిరాత తనదే.

ఆ పిల్లచేత అయిదేసి సెకన్లే ఊపిరి ఆపించి, మధ్యమధ్య తేరుకోనిచ్చి, ముక్కలుముక్కలుగా బొమ్మలు తీసింది. గంట పని రెండు గంటలు పట్టింది. గుండె గోడ ఒకచోట బాగా మందంగా ఉంది. డాక్టరు ఆ పిల్ల తల్లి పాత బొమ్మలు కూడా తెరిపించాడు. చెదిరినవే; అయినా ఆ మసకలోంచి అదే మందం, అదే చోట కనిపించింది.

"ఇలాంటి గుండెకు ఊపిరి నిలవదు," అన్నాడు డాక్టరు. "అప్పుడు ఎవరైనా చూసి ఉంటే వైద్యం చేసేవాళ్ళం. ఈ అమ్మాయికి చేద్దాం."

ఆయన వెళ్ళాక టెక్నీషియను ఆ పిల్ల పక్కన కూర్చుంది. "తల్లీ, ఆ మాట రాసింది నేను. మీ అమ్మకు చేతకాలేదు. చెయ్యలేదని రాశాను."

ఆ పిల్ల ఫైలును ఆమె ముందుకు జరిపింది. "అయితే కొట్టెయ్యండి."

"కొట్టెయ్యకూడదు. తప్పు కూడా కనబడాలి. దాని కిందే రాస్తాను."

రాసింది: "ఊపిరి ఆపలేదనడం నా తప్పు. ఆపలేకపోయింది." తేదీ వేసి సంతకం చేసింది.

"నాన్నకు మీరే చెప్పండి," అంటూ ఆ పిల్ల ఫోను కలిపి ఇచ్చింది.

టెక్నీషియను తానెవరో చెప్పి, రాసింది చదివింది.

"ఆ రోజు మిమ్మల్ని నవ్వించింది నేనే కదమ్మా," అన్నాడు ఆ ముసలాయన. తర్వాత, "ఇంకోసారి చదవండి."

ఆమె లేచి నిలబడి చదివింది. అవతల ఏడుపు మొదలైంది. ఆమె చదవడం ఆపలేదు. ఆనాడు ఆ క్రియాపదంలో మింగేసిన అక్షరాలన్నీ అప్పగించి, అప్పుడు కూర్చుంది.